నాలుగు వైపులూ కొలిస్తే చాలదమ్మా

ప్రశ్న: మాది ముమ్మిడివరం వైపు, గౌతమి గట్టున ఒక పల్లె. ఇంటర్ ఎం.పి.సి. పూర్తిచేశాను. లెక్కల్లో మార్కులు బాగానే వచ్చాయి. డిగ్రీలో గణితమే తీసుకోవాలని ఉంది. మొన్న నాన్న, పెదనాన్న కొబ్బరితోట పంచుకుందామని నాలుగు వైపులా టేపుతో కొలిచారు. వరుసగా 25, 39, 60, 52 గజాలు వచ్చాయి. పెదనాన్న ఎదురెదురు వైపుల సగటులు కట్టి, వాటిని గుణించి నలభై సెంట్లు అన్నారు. నేను గైడులో ఉన్న వర్గమూలం సూత్రం వేస్తే ముప్ఫైఆరున్నర సెంట్లే వచ్చింది. ఏది సరైనదో, ఎందుకో చెప్పలేకపోయాను. "పన్నెండేళ్లు చదివి ఇదేనా?" అన్నారు నాన్న. లెక్కలన్నీ ఎప్పుడో కనిపెట్టేశారని, ఇప్పుడవి ఫోనే చేసిపెడుతుందని మా బావ అంటాడు. గణితం అంటే అసలు ఏమిటి? అందులో ఎన్ని శాఖలున్నాయి? నేను ఏది ఎంచుకోవాలి? నాకు ఆ తెలివి ఉందంటారా? (పేరు రాయవద్దు.)

సమాధానం:

చిరంజీవి అమ్మాయికి,

ముందు తోట సంగతి తేలుద్దాం. నువ్వు అడిగిన పెద్ద ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ తోటలోనే ఉంది.

మీ ఇంట్లో కాళ్లు వదులైన పాత నులకమంచం ఉంటే దాన్ని ఒక మూల పట్టుకుని పక్కకు నెట్టి చూడు. మంచం ఒరుగుతుంది. నాలుగు పట్టెల పొడవూ అంగుళమైనా మారదు కానీ మధ్యలో నేసిన చోటు తగ్గిపోతుంది. పూర్తిగా ఒరిగిపోతే పట్టెలు ఒకదానిమీద ఒకటి పడి, చోటే ఉండదు. ఇంత జరుగుతున్నా పెదనాన్న లెక్క ప్రకారం వైశాల్యం మారదు, ఎందుకంటే అది పట్టెల పొడవులనే చూస్తుంది. నాలుగు భుజాలు మాత్రమే తీసుకుని చతుర్భుజం వైశాల్యం కచ్చితంగా చెప్పే సూత్రం ఇప్పటివరకు లేదు, ఇకముందు రాదు. వెతికి దొరకక అంటున్న మాట కాదిది. అలాంటిది ఉండడానికి వీల్లేదని ఆ మంచమే రుజువు చేసింది.

పెదనాన్న జవాబు ఎప్పుడూ ఎక్కువవైపే ఎందుకు తప్పుతుందో కూడా చూడు. త్రిభుజంలో పక్కపక్కనున్న రెండు భుజాలను గుణించి సగం చేస్తే, అసలు వైశాల్యం దానికి మించదు. ఆ రెంటి మధ్య లంబకోణం ఉంటేనే సమానమవుతుంది. ఇప్పుడు మీ తోటను ఒక కర్ణం మీదుగా రెండు త్రిభుజాలు చెయ్యి. వైశాల్యం 25×39, 60×52 లబ్ధాల మొత్తంలో సగానికి, అంటే 2047.5 చదరపు గజాలకు మించదు. రెండో కర్ణం మీదుగా కోస్తే 39×60, 52×25 లబ్ధాల మొత్తంలో సగానికి, అంటే 1820కి మించదు. ఈ రెంటి సగటు 1933.75. సెంటుకు 48.4 చదరపు గజాల చొప్పున దాదాపు పెదనాన్న చెప్పిన నలభై సెంట్లే! ఆయన సూత్రం ఈ రెండు గరిష్ఠాల సగటేనన్నమాట. నాలుగు మూలలూ లంబకోణాలైతే తప్ప తోట అంత ఉండదు. మీ తోట ఎదురెదురు వైపులు 25, 60 కాబట్టి అది దీర్ఘచతురస్రం కానేకాదు. టేపు మళ్లీ ముట్టుకోకుండానే ఆ లెక్క తప్పని చెప్పేయవచ్చు.

మరి నీ లెక్క? నువ్వు వాడినది బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో ఇచ్చిన సూత్రం. ఎదురు భుజాల సగటులు గుణించే పద్ధతిని ఆయన కూడా చెప్పి దానికి స్థూల ఫలమని పేరు పెట్టాడు, వర్గమూలంతో వచ్చేదాన్ని సూక్ష్మ ఫలమన్నాడు. అయితే నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద పడే చతుర్భుజానికే ఆ సూత్రం కచ్చితం. నీ గైడులో ఈ షరతు ఉందో లేదో చూడు. లేకపోతే అది నేరం. అదే నాలుగు భుజాలతో ఎన్ని ఆకారాలు గీసినా అన్నింటిలోకీ పెద్దది ఆ వృత్తంలో ఇమిడేదే. కనుక నీకు వచ్చిన 1764 చదరపు గజాలు మీ తోట గరిష్ఠ పరిమితి. 25, 52 గజాల గట్లు కలిసే మూల నుంచి 39, 60 గజాల గట్లు కలిసే మూలకు కర్ణం 56 గజాలు ఉంటే నీ జవాబే సరి. అది 40 గజాలే అయితే తోట 1493 చదరపు గజాలు, ముప్ఫైఒక్క సెంట్లు కూడా లేదు. పెదనాన్న లెక్కకూ దీనికీ తొమ్మిది సెంట్ల పైగా తేడా!

అయిదు వందల ఏళ్ల తరువాత, 1150లో భాస్కరాచార్యుడికి దీనిమీద ఎంత కోపం వచ్చిందో తెలుసా? కర్ణమో లంబమో చెప్పకుండా చతుర్భుజ వైశాల్యం అడిగేవాడు పిశాచమని, జవాబు చెప్పేవాడు అంతకన్నా పెద్ద పిశాచమని తన లీలావతి గ్రంథంలో రాశాడు. సర్వే వాళ్లు పొలాన్ని త్రిభుజాలుగా విడగొట్టి కొలవడానికీ కారణం ఇదే. మూడు భుజాలు తెలిస్తే త్రిభుజం ఇక కదలదు.

నువ్వడిగిన గణితం ఇదేనమ్మా. మీరు టేపు పట్టుకుని చేసింది కొలత, సూత్రంలో అంకెలు వేసి చేసింది గణన. ఏది తెలిస్తే ఏది తేలుతుంది, ఏది తేలదు, ఎందుకు అని నిలదీయడం దగ్గర గణితం మొదలవుతుంది. టేపు సాగవచ్చు, ఎండకు వదులు కావచ్చు. మంచం చెప్పిన మాట మాత్రం ఇక్కడా, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలోనూ, రెండువేల ఏళ్ల క్రితమూ, రేపూ ఒకటే. మిగతా శాస్త్రాలు ప్రయోగం ముందు తలవంచుతాయి, కొత్త సాక్ష్యం వస్తే పాత సిద్ధాంతాన్ని సవరించుకుంటాయి. గణితంలో నిరూపణ అయినది అయినట్టే. గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ క్రీ.పూ. 300 ప్రాంతంలో ప్రధాన సంఖ్యలకు అంతు లేదని చూపిన తర్కాన్ని ఇవాళ కూడా ఒక్క అక్షరం దిద్దనక్కర్లేకుండా పాఠం చెప్పవచ్చు.

దీనికి ముగ్గులోనే ఇంకో ఉదాహరణ ఉంది. ధనుర్మాసంలో సందు చుక్క ముగ్గులు పెట్టే ఉంటావు. 3 చుక్కలతో మొదలుపెట్టి సందు చుక్క 2 వరకు పెడితే మొత్తం 7 చుక్కలు. 5 నుంచి 3 వరకు అయితే 19. 7 నుంచి 4 వరకు అయితే 37. ఒంటి చుక్కతో కలిపి వరుసగా కూడు: 1. 1+7=8. దానికి 19 కలిపితే 27. దానికి 37 కలిపితే 64. ఇవన్నీ ఘనాలు! ఒకటి, రెండు, మూడు, నాలుగుల ఘనాలు.

ఇది ఎల్లకాలం సాగుతుందా? నాలుగుసార్లు నిజమైందని నమ్మేయకు. ఒక సంఖ్యను అదే సంఖ్యతో గుణించి, ఆ సంఖ్యనే కలిపి, పైన 41 చేర్చు. 0 నుంచి 39 వరకు ఏ సంఖ్యతో చేసినా ప్రధాన సంఖ్యే వస్తుంది. నలభైసార్లు వరుసగా! నలభైతో చేస్తే 1681, అది 41×41. నలభై సాక్ష్యాలు చూసి సంతకం పెట్టినవాడు నలభైఒకటో దాని దగ్గర మోసపోయాడు. అందుకే గణితంలో సాక్ష్యాలు ఎన్ని ఉన్నా నిరూపణ అడుగుతారు.

ముగ్గు విషయంలో ఆ నిరూపణ ఉంది. 64 పాచికలతో నాలుగు వరుసల ఘనం పేర్చు. ఒక మూలకు ఎదురుగా నిలబడితే మూడు ముఖాలు కనబడతాయి. ఆ మూడు ముఖాల పాచికలన్నీ ఒలిచేస్తే లోపల మూడు వరుసల ఘనం, 27 పాచికలు మిగులుతాయి. ఒలిచినవి 37. ఇంకో పొర ఒలిస్తే 19, తరువాత 7, చివరికి 1. ఒక్కో పొరను ఆ మూలవైపు నుంచి చూస్తే పాచికలు సరిగ్గా సందు చుక్కల్లాగే అమరి ఉంటాయి. ఎంత పెద్ద ఘనమైనా ఒలిచే తీరు ఇదే కనుక, ఎంత పెద్ద ముగ్గుకైనా ఇది నిజం. నాకు ఇది మొదటిసారి తట్టిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. వాకిట్లో పరిచిన చుక్కల్లో ఒక ఘనం దాగి ఉందని తెలిశాక ముగ్గును మామూలుగా చూడడం నాకు చేతకాలేదు.

ఇక శాఖలు. మన గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వసిష్ఠలుగా చీలి, వేటి దారిన అవి సముద్రంలో కలుస్తుంది. గణితం చీలికలు అలా ఉండవు, విడిపోయినవి మళ్లీ మళ్లీ కలుస్తూనే ఉంటాయి. 1637లో డెకార్ట్ బిందువుకు రెండు సంఖ్యలు పేరుగా ఇవ్వడంతో రేఖాగణితం, బీజగణితం కలిసిపోయాయి. నువ్వు ఇంటర్‌లో చదివిన నిరూపక జ్యామితి ఆ కలయికే. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా పదిహేడో శతాబ్దంలో వదిలిన సంఖ్యల చిక్కును 1994లో ఆండ్రూ వైల్స్ విప్పింది సంఖ్యలతో సంబంధమే లేనట్టు కనిపించే రెండు ప్రపంచాలను కలిపి. అందుకే శాఖలు ఎన్ని అని లెక్కపెట్టి చెప్పను. ఒక్కొక్కటి ఏ ప్రశ్న నుంచి పుట్టిందో చెబుతాను.

"ఎంత భూమి? ఏ ఆకారం?" అనే ప్రశ్న నుంచి రేఖాగణితం. గ్రీకు భాషలో దాని పేరుకు అర్థమే భూమిని కొలవడం. నైలు వరద పొలాల గట్లు చెరిపేస్తే ఈజిప్టులో మళ్లీ కొలిచేవారని, ఆ విద్య అక్కడే పుట్టిందని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. వరద ఒక గట్టును కోసి ఇంకో గట్టున మేట వేసే గోదావరి పాయల మధ్య లంకల మనుషులకు ఈ మాట వివరించనక్కర్లేదు. మన రాజమహేంద్రవరంతో ముడిపడిన పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మొదటి గణిత గ్రంథం అదే. నీ ప్రశ్న ఈ గట్టున ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. యూక్లిడ్ నిరూపణ లేకుండా ఒప్పుకుని తీసుకున్న స్వీకృతాల్లో సమాంతర రేఖల గురించినదాన్ని మార్చినా పొరపాటు లేని జ్యామితులు వస్తాయని పంతొమ్మిదో శతాబ్దంలో లొబచెవ్‌స్కీ, బోల్యాయ్, రీమాన్ చూపారు. రీమాన్ జ్యామితే 1915లో ఐన్‌స్టీన్‌కు గురుత్వాకర్షణ సిద్ధాంతం రాసే భాష అయింది. మొదట ఏమి ఒప్పుకుంటామన్నది మన ఎంపిక. ఒప్పుకున్నాక వచ్చే ఫలితాలు మాత్రం మన చేతిలో ఉండవు. గణితం మనిషి సృష్టా, ముందే ఉన్నదా అని వాదించుకునే వాళ్లకు నా జవాబు అంతవరకే.

తెలియనిదానికి ఒక పేరు పెట్టి, తెలిసినట్టే దానితో వ్యవహరించే ధైర్యం బీజగణితం. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ పుస్తకం పేరులోని మాటే ఇంగ్లీషులో ఆల్జీబ్రా అయింది. డిగ్రీలో ఇది మలుపు తిరిగి సమూహాలు, వలయాలు అంటుంది, ముగ్గును ఎన్ని రకాలుగా తిప్పినా అలాగే కనబడడం వెనుక ఉన్న సౌష్ఠవాన్ని పట్టుకుంటుంది. చాలామంది అక్కడే బెదిరిపోతారు. నువ్వు ఓపిక పట్టు, రెండు నెలల్లో అలవాటవుతుంది.

క్షణక్షణం మారేదాన్ని పట్టుకునేది కలనగణితం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఇప్పుడు పది లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు పది లక్షల ఘనపుటడుగులు, దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే, అది ఆ క్షణపు వేగం. గంటగంటకూ అది మారుతుంటే వారంలో సముద్రంలోకి ఎంత నీరు పోయిందో చెప్పడం సమాకలనం. మారకుండా రోజంతా లక్ష క్యూసెక్కులే పారితే 8.64 టీఎంసీలని (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) గుణకారంతో చెప్పేయవచ్చు. నది అంత నిలకడగా ఉండదు కనుకే ఈ విద్య కావాలి. న్యూటన్, లైబ్నిట్జ్‌లు పదిహేడో శతాబ్దంలో దీన్ని నిలబెట్టారు. వారికన్నా రెండు శతాబ్దాలకు పైగా ముందే కేరళలో మాధవుడు, తరువాత ఆయన శిష్యపరంపర అనంత శ్రేణులతో వృత్తాన్ని, జ్యాలను (సైన్ విలువలను) లెక్కకట్టారు.

సంఖ్యా సిద్ధాంతం గురించి ఒక్క మాట. ఇది దేనికీ పనికిరాదని శతాబ్దాల తరబడి అనుకున్నారు. 1977లో ముగ్గురు శాస్త్రవేత్తలు రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం సులువు, విడదీయడం కష్టమన్న తేడాతో రహస్య లిపి తయారుచేశారు. ఇంటర్నెట్‌లో రహస్యాలను కాపాడిన ముఖ్యమైన పద్ధతుల్లో అది ఒకటయింది. ఆయిలర్ 1736లో కోనిగ్స్‌బర్గ్ పట్టణంలోని ఏడు వంతెనలను ఒక్కోదాన్ని ఒక్కసారే దాటుతూ అన్నింటిమీదా నడవడం కుదరదని చూపాడు. దాంతో దూరాలతో పని లేకుండా కలయికలను మాత్రమే చూసే గ్రాఫ్ సిద్ధాంతం పుట్టింది, సాగదీసినా మారని ఆకార లక్షణాలను చూసే టోపాలజీకి బీజం పడింది. నీకు తెలిసిన నాలుగు లంకలు, వాటి రేవులు కాగితం మీద చుక్కలుగా, గీతలుగా వేసి అదే ప్రశ్న వేసుకో.

సంభావ్యత దగ్గర కాస్త ఆగుతాను, మన ప్రాంతంలో దాన్ని అపార్థం చేసుకుంటే ఇళ్లు మునుగుతాయి. 1654లో పాస్కల్, ఫెర్మాలు జూదం లెక్కల మీద రాసుకున్న ఉత్తరాల్లో ఈ శాఖ స్థిరపడింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను మీ నాన్న తరం మరిచిపోలేదు. "వందేళ్ల వరద" అనే మాట విని, ఒకసారి వచ్చింది కనుక ఇక వందేళ్లు రాదని చాలామంది నిబ్బరంగా ఉంటారు. ఆ మాటకు అర్థం ప్రతి ఏడాదీ నూటికి ఒక వంతు అవకాశం ఉందని. ముప్ఫై ఏళ్లపాటు ఒక్కసారి కూడా రాకుండా ఉండే అవకాశం 0.99ని ముప్ఫైసార్లు గుణిస్తే వచ్చే సుమారు 0.74. అంటే ఒక ఇల్లు కట్టుకుని ముప్ఫై ఏళ్లు కాపురం చేస్తే, అంత వరద కనీసం ఒక్కసారి చూసే అవకాశం నూటికి ఇరవైఆరు. గట్టు పక్కన పునాది తీసే ప్రతి కుటుంబానికీ ఈ లెక్క తెలియాలని నా కోరిక. ఈ దారిలోనే సాంఖ్యక శాస్త్రం ఉంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివిన మన సి.ఆర్. రావు గారు 1945లో రాసిన ఒక పరిశోధన పత్రాన్ని ప్రపంచమంతా ఇప్పటికీ పాఠంగా చదువుతోంది.

మీ బావకు రెండు సంగతులు చెప్పు. రెండుకన్నా పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనా అని 1742లో గోల్డ్‌బాక్ లేవనెత్తిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. రెండోది మీ గట్టు మీద నిలబడి చూపించు. వరద నీటిలో సుడి తిరుగుతుంది కదా, ఆ నీటి చలనానికి సమీకరణాలు పంతొమ్మిదో శతాబ్దంలోనే రాశారు. వాటికి ఎల్లప్పుడూ సాఫీ అయిన పరిష్కారం ఉంటుందో, ఎక్కడైనా తెగిపోతుందో ఎవరూ నిరూపించలేదు. 2000లో పది లక్షల డాలర్ల చొప్పున బహుమతి ప్రకటించిన ఏడు సమస్యల్లో అది ఒకటి. ఫోను లెక్క చేసిపెడుతుంది, నిజమే. మీ తోట కొలతలు దానికి ఇస్తే అది కూడా 36.45 సెంట్లు అనవచ్చు. "ముందు కర్ణం కొలిచారా?" అని అడగాల్సినవారు ఇంట్లో ఒకరు ఉండాలి.

శాఖ ఇప్పుడే ఎంచుకోకు. డిగ్రీ మొదటి రెండేళ్లు అన్నీ రుచి చూడు. కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం కళాశాలల్లో దేనిలో చేరినా నష్టం లేదు, ప్రశ్న అడిగితే విసుక్కోని అధ్యాపకులు ఎక్కడున్నారో వాకబు చెయ్యి. ధైర్యం ఉంటే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షలు రాయి. వాటి ప్రశ్నలు ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ప్రశ్నల్లా ఉండవు. తక్కువే ఉంటాయి, కొన్ని కారణం కూడా అడుగుతాయి. సీటు రాకపోయినా ఆ పాత ప్రశ్నపత్రాలతో కుస్తీ పట్టడం వృథా కాదు. ఇంటి పరిస్థితి త్వరగా సంపాదించక తప్పనిదైతే సాంఖ్యక శాస్త్రం వైపు ఎక్కువగా మొగ్గు, బీమా, బ్యాంకులు, ఆసుపత్రుల పరిశోధన అన్నీ దాన్ని అడుగుతాయి. శుద్ధ గణితం దారి పొడవు, పీహెచ్‌డీ దాకా ఏళ్లు పడుతుంది. ఈ మాట మీ నాన్నకు దాచకుండా చెప్పు.

తెలివి సంగతి అడిగావు. నేను లెక్కలు చెప్పే ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది ఒక కుర్రవాడు లేచి, రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణిస్తే ధన సంఖ్య ఎందుకవుతుందని అడిగాడు. "అది నియమం, రాసుకో" అన్నాను. రాసుకున్నాడు, మళ్లీ ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. నీకు రెండు జవాబులు వచ్చినప్పుడు పుస్తకంలో ఉంది కదా అని నీదే సరైనదని దబాయించలేదు, ఎందుకో చెప్పలేకపోయానని ఒప్పుకుని ఉత్తరం రాశావు. డిగ్రీలో గణితం తీసుకోవడానికి నాకు కనిపించే అర్హత అదే. మార్కుల జాబితా నువ్వు పంపకపోయినా ఫరవాలేదు.

ఆదివారం నాన్నను, పెదనాన్నను ఇద్దర్నీ తోటకు తీసుకువెళ్లు. కొబ్బరిచెట్లు అడ్డం వస్తే టేపు వంగుతుంది, కనుక తాడు బిగించి, వంకర లేకుండా చూసుకుని రెండు కర్ణాలూ కొలవండి. ఒక కర్ణంతో లెక్కకట్టి, రెండో కర్ణంతో మళ్లీ కట్టు. రెండు జవాబులూ దగ్గరగా వస్తే మీ కొలత మంచిది. రాకపోతే ఏ గట్టు తప్పు కొలిచారో వెతకండి. వచ్చిన అంకెలు నాకు రాయి.